వరిలో బెట్ట దెబ్బను కొలవడం ఎలా: నీళ్ళు ఆపడం నుంచి గింజల లెక్క దాకా

"చేను పది రోజులు ఎండిపోయింది, దిగుబడి ఎంత పోతుంది?" "ఈ రెండు రకాల్లో బెట్టకు ఏది ఆగుతుంది?" ఈ రెండు ప్రశ్నలూ రైతుల నుంచీ వస్తున్నాయి, ప్రాజెక్టు చేయాల్సిన అగ్రికల్చర్ విద్యార్థుల నుంచీ వస్తున్నాయి. మొదటిదానికి ఒక్క అంకెతో జవాబు చెప్పలేం. ఎన్ని రోజులు ఎండింది అన్నదానికన్నా ఏ దశలో ఎండింది అన్నదే దిగుబడిని తేలుస్తుంది. పిలకలు వేసేటప్పుడు పది రోజులు ఎండిన చేను, నీళ్ళు పెట్టాక చాలావరకు తేరుకుంటుంది. అవే పది రోజులు పూత మీద పడితే చేను చూడ్డానికి బాగానే ఉంటుంది, నూర్పిడి చేస్తే సగం తాలు (గింజ కట్టని పొట్టు) ఎగిరిపోతుంది.

కాబట్టి మీ రకానికి, మీ నేలకు సరిపడే జవాబు కావాలంటే చిన్నపాటి పరీక్ష మీరే పెట్టుకోవాలి. కుండీల్లోనైనా చిన్న మడుల్లోనైనా చేయొచ్చు. పద్ధతి ఇది.

కావలసినవి

- ఒకే రకమైన మట్టి, ఒకే సైజు కుండీలు. కనీసం 30 సెం.మీ. లోతు ఉండాలి, అడుగున రంధ్రం, దానికి బిరడా ఉండాలి. మడుల్లో చేస్తే గట్ల పొడవునా పాతడానికి మందపాటి ప్లాస్టిక్ షీటు
- కుండీలు తూచడానికి త్రాసు, ఆకులూ గింజలూ తూచడానికి గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు
- స్కేలు, పదునైన బ్లేడు, ట్యాగులు, చెరగని మార్కర్
- మడుల కోసం 40 సెం.మీ. పొడవు, 10-15 సెం.మీ. వెడల్పు ఉన్న ప్లాస్టిక్ పైపు, కింది భాగానికి చుట్టూ రంధ్రాలు. దొరికితే టెన్షియోమీటర్ (మట్టి ఎంత ఎండిందో చూపే పరికరం)
- ఓవెన్, గింజ తేమ చూసే మీటర్. సొంతంగా లేకపోతే దగ్గరలోని ల్యాబ్‌లో చూపించుకోండి
- వాన పడకుండా పైన కప్పు, లేదా వానలు లేని కాలం

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. సరిగ్గా పూత సమయానికి ఒక్క మంచి వాన పడిందంటే ఆ పరీక్ష అక్కడితో అయిపోయినట్టే.

1. ఏ దశలో నీళ్ళు ఆపాలో ముందే తేల్చుకోండి

వరి మీద బెట్ట ప్రభావాన్ని మూడు దశలుగా విడదీసి చూడాలి.

పిలకల దశలో ఎండితే పిలకలు తగ్గుతాయి, మొక్క పొట్టిగా ఉంటుంది, ఆకులు చిన్నవవుతాయి, పూత ఆలస్యమవుతుంది. దిగుబడి నష్టం సాధారణంగా మిగతా దశలకన్నా తక్కువ. చిరుపొట్ట (కాండం లోపల వెన్ను, అంటే కంకి, మొదలయ్యే దశ) నుంచి పూత దాకా ఎండితే వెన్నులో గింజల సంఖ్య తగ్గుతుంది, వెన్ను పూర్తిగా బయటికి రాదు, పుప్పొడి పాడై గింజ కట్టదు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. పాలు పోసుకునే దశలో ఎండితే గింజ తేలికవుతుంది, తాలు కొంత పెరుగుతుంది, బియ్యంలో తెల్లటి సుద్ద మచ్చలు వస్తాయి.

ఒక్కసారే చేయగలిగితే పూత దశను ఎంచుకోండి. నాలుగు గుంపులు పెట్టగలిగితే ఇంకా మంచిది: ఎప్పుడూ నీళ్ళున్నది ఒకటి, పై మూడు దశల్లో ఒక్కోదానిలో మాత్రమే ఎండబెట్టినవి మూడు. ప్రతి గుంపులో నాలుగైదు కుండీలు, లేదా కనీసం మూడు మడులు ఉండాలి.

దశను క్యాలెండర్ చూసి కాదు, మొక్కను చూసి తెలుసుకోవాలి. పక్కన అదనంగా పెంచిన మొక్కల్లోంచి ఒక తల్లి పిలకను మొదలంటా తీసి, బ్లేడుతో నిలువునా చీల్చండి. కణుపుల పైన, ఆకు మడతల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లటి నూగు మొన కనిపిస్తే చిరుపొట్ట మొదలైనట్టు. అక్కడి నుంచి పూతకు సుమారు 30-35 రోజులు, పూత నుంచి కోతకు మరో 30 రోజులు ఉంటుంది. పొట్ట దశలో అతి సున్నితమైన రోజులను పట్టుకోవాలంటే పోటాకు (అన్నిటికన్నా పైనుండే చివరి ఆకు) మెడనూ, దాని కింది ఆకు మెడనూ చూడండి. మెడ అంటే తొడుగూ ఆకూ కలిసే చోటు. రెండూ దాదాపు ఒకే ఎత్తులోకి వచ్చినప్పుడు లోపల పుప్పొడి కణాలు తయారవుతుంటాయి. ఈనికకు (వెన్ను బయటికి రావడానికి) పది పన్నెండు రోజుల ముందు ఇది కనిపిస్తుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు: రెండు మూడు రకాలను ఒకే రోజు విత్తి, ఒకే తేదీన నీళ్ళు ఆపేయడం. 110 రోజుల రకం ఆ రోజుకు పూత దాటేసి ఉంటుంది, 140 రోజుల రకం ఇంకా పిలకల్లో ఉంటుంది. రెండూ బాగానే పండుతాయి. మీరేమో రెండూ బెట్టను తట్టుకున్నాయని రాసుకుంటారు. నిజానికి అవి తట్టుకోలేదు, తప్పించుకున్నాయి. అన్నీ ఒకే వారంలో పూతకు వచ్చేలా దీర్ఘకాలిక రకాలను ముందుగా, స్వల్పకాలిక రకాలను తర్వాత విత్తండి. అది కుదరకపోతే ఒక్కో రకానికి దాని దశను బట్టి విడిగా నీళ్ళు ఆపండి.

2. కుండీలా, మడులా?

కుండీల్లో నీటి లెక్క చేతిలో ఉంటుంది. కానీ వేళ్ళకు లోతు దొరకదు. లోతుగా వేరు దించి నీళ్ళు లాక్కునే రకం గొప్పతనం కుండీలో కనిపించదు, చిన్న కుండీలో అయితే అసలు కనిపించదు. రకాలను పోల్చాలంటే మడులు మేలు. దశలను పోల్చాలంటే కుండీలు చాలు. నల్ల కుండీలు ఎండకు వేడెక్కి వేళ్ళను ఉడకబెడతాయి, బయట తెల్ల రంగు వేయండి. వారానికోసారి కుండీల చోట్లు మార్చండి.

మడుల్లో అసలు సమస్య ఊట. పక్క మడిలో నీళ్ళుంటే గట్టు కింది నుంచి మీ ఎండు మడిలోకి దిగుతూనే ఉంటాయి. ప్లాస్టిక్ షీటును గట్టు పొడవునా కనీసం అర మీటరు లోతుకు పాతండి, రెండు మడుల మధ్య రెండు మీటర్లయినా ఖాళీ వదలండి.

పోలికకు ఒక నిలకడ రకాన్ని, ఒక మెతక రకాన్ని కూడా పెట్టుకోండి. బెట్ట పరీక్షల్లో నాగినా 22ను తట్టుకునే రకంగా, ఐఆర్ 64ను తట్టుకోలేని రకంగా వాడటం మామూలే. భారత్‌లో 2010లో విడుదలైన సహభాగి ధాన్ కూడా బెట్టకు పేరున్నదే. మీ పరీక్షలో తట్టుకోలేని రకం కూడా దెబ్బ తినలేదంటే మీరు పెట్టింది బెట్టే కాదు.

3. నీళ్ళు ఆపండి, ఎంత ఎండిందో కొలవండి

"పన్నెండు రోజులు నీళ్ళు ఆపాను" అన్నది కొలత కాదు. మబ్బు పట్టిన పన్నెండు రోజులు వేరు, వడగాలి వీచే పన్నెండు రోజులు వేరు. రేగడి నేలకూ ఇసుక నేలకూ పోలికే లేదు.

కుండీల్లో ఇలా చేయండి:

క) మట్టిని ఆరబెట్టి అన్ని కుండీల్లో ఒకే బరువు నింపండి. చారెడు మట్టిని తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచి మళ్ళీ తూచితే అసలు పొడి బరువు తెలుస్తుంది. ఓవెన్ లేకపోతే పలుచగా పరిచి మూడు నాలుగు రోజులు ఎండబెట్టండి. కొంత తేమ మిగిలినా అన్నిటికీ ఒకే మట్టి కాబట్టి పోలిక చెడదు.

ఖ) మొక్క లేని ఒక కుండీని బాగా తడిపి, బిరడా తీసి, పైన కప్పి, ఒకటి రెండు రోజులు నీళ్ళు కారనివ్వండి. కారడం ఆగాక తూచండి. నేల పట్టి ఉంచుకోగల పూర్తి తేమ అదే.

గ) ఉదాహరణకు పొడి మట్టి 10 కిలోలు, కుండీ అర కిలో, కారాక మొత్తం బరువు 13.5 కిలోలు అనుకోండి. మట్టి పట్టుకున్న నీళ్ళు 3 కిలోలు. మీకు సగం తేమ కావాలంటే 1.5 కిలోల నీళ్ళు, అంటే కుండీతో సహా మొత్తం బరువు 12 కిలోలు ఉండాలి. రోజూ ఒకే వేళకు తూచి, తగ్గినంత నీరు పోయండి. గ్రాముకు ఒక మిల్లీలీటరు.

మొక్క బరువు మరిచిపోకండి. పొట్ట దశకు వచ్చిన కుదురు (ఒక చోట నాటిన మొక్క) పచ్చి బరువే వందల గ్రాములు ఉండొచ్చు. దాన్ని కలపకుండా 12 దగ్గరే ఆపితే మట్టిలో నీళ్ళు మీరనుకున్నదానికన్నా తక్కువ ఉంటాయి. అదనపు కుండీల్లోంచి వారానికో మొక్క కోసి తూచి, ఆ బరువును లక్ష్యానికి కలుపుతూ పోండి.

నీళ్ళున్న గుంపులో 3-5 సెం.మీ. నిలువ నీరు ఉంచండి, బిరడా గట్టిగా బిగించండి.

మడుల్లో పైపును 15 సెం.మీ. పైకి ఉండేలా పాతి, లోపలి మట్టి తీసేయండి. పైపులో నీరు నేల మట్టానికి 15 సెం.మీ. కిందికి దిగినంతవరకు వరికి ఇబ్బంది లేదు. ఆరుతడి పద్ధతిలో (నిలువ నీరు ఆరాక మళ్ళీ తడి పెట్టే పద్ధతి) మళ్ళీ నీళ్ళు పెట్టే హద్దు కూడా అదే. చాలామంది ఇక్కడే ఆగి, "ఎండబెట్టినా దిగుబడి తగ్గలేదు" అంటారు. వాళ్ళు పెట్టింది ఆరుతడి. పైపులో నీరు కనిపించకుండా పోయాకే మీ లెక్క మొదలవుతుంది. అప్పటి నుంచి టెన్షియోమీటర్ చూడండి. లేకపోతే మూడు రోజులకోసారి 15, 30 సెం.మీ. లోతుల మట్టి తీసి తేమ శాతం రాసుకోండి. పైన నెర్రెలు విచ్చినా కింద 30 సెం.మీ. దగ్గర ముద్దగా తడి ఉండటం మామూలే, నెర్రెలను చూసి నిర్ణయానికి రావద్దు.

4. ఆకును చదవండి

రెండు మార్కులు వేయాలి, ఆకు చుట్టుకోవడానికి ఒకటి, ఆకు ఎండటానికి ఒకటి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కొలమానం 0 నుంచి 9 దాకా ఉంటుంది. చుట్టుకోవడం ఇలా: విప్పారి ఉంటే 0, కొద్దిగా మడత పడితే 1, లోతుగా మడిచిన పుస్తకంలా ఉంటే 3, గుండ్రటి దోనెలా వంగితే 5, రెండు అంచులూ తాకితే 7, గట్టిగా గొట్టంలా చుట్టుకుపోతే 9. ఎండటం ఇలా: కొనలు కాస్త ఎండితే 1, చాలా ఆకుల్లో పావు వంతు పొడవు దాకా ఎండితే 3, మొత్తం ఆకుల్లో పావు నుంచి సగం ఆకులు ఎండితే 5, మూడింట రెండు వంతులకు పైగా ఆకులు పూర్తిగా ఎండితే 7, మొక్కలన్నీ చచ్చినట్టుంటే 9.

మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్య, రోజూ అదే వేళకు, ఒకే మనిషి చూడాలి. మనిషి మారితే మార్కు మారుతుంది. మర్నాడు తెల్లవారుజామున మరోసారి చూడండి. మధ్యాహ్నం చుట్టుకున్న ఆకు తెల్లారేసరికి విప్పుకుంటే మొక్క రాత్రి నీళ్ళు తెచ్చుకోగలుగుతోందన్నమాట. తెల్లవారినా చుట్టుకునే ఉంటే బెట్ట గట్టిగానే తగిలింది.

చుట్టుకున్న ప్రతి ఆకూ బెట్ట ఆకు కాదు. ఆకుముడత పురుగు కూడా ఆకును చుట్టేస్తుంది. విప్పి చూస్తే అంచులను కుట్టిన దారాలు, లోపల గీకిన తెల్ల చారలు, పచ్చటి పురుగో దాని రెట్టో కనిపిస్తాయి. బెట్ట ఆకు లోపల శుభ్రంగా ఉంటుంది.

అంకె కావాలనుకునేవాళ్ళు ఆకులో సాపేక్ష నీటి శాతం కొలవొచ్చు. పూర్తిగా విచ్చిన పై ఆకు ముక్కను కోసిన వెంటనే తూచండి. నాలుగు గంటలు డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచి, పైతడి అద్ది తూచండి. తర్వాత 70-80 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఆరబెట్టి తూచండి. పచ్చి బరువులోంచి పొడి బరువు తీసేసి, దాన్ని (నానిన బరువు - పొడి బరువు)తో భాగించి 100తో గుణించాలి. 0.50, 0.60, 0.15 గ్రాములు వస్తే 0.35ను 0.45తో భాగిస్తే సుమారు 78 శాతం. కోసిన ఆకును మూత ఉన్న డబ్బాలో వేసుకుని రాకపోతే ల్యాబ్‌కు చేరేలోపే వాడి, ఫలితం తప్పుతుంది.

5. ఎదుగుదల లెక్కలు

ఎత్తు: నేల మట్టం నుంచి పొడవైన ఆకు కొన దాకా, ఈనాక అయితే వెన్ను కొన దాకా. పిలకలు: మొత్తం పిలకలు, వెన్ను వేసిన పిలకలు విడివిడిగా. ట్యాగు కట్టిన ఆ ఐదారు కుదుళ్ళనే ప్రతిసారీ కొలవండి.

పూత తేదీని మాత్రం వదలొద్దు. సగం పిలకలు ఈనిన రోజు రాసుకోండి. నీళ్ళున్న గుంపుకన్నా ఎండిన గుంపు ఎన్ని రోజులు ఆలస్యంగా పూసిందో చూడండి. పూత ఎంత ఆలస్యమైతే దిగుబడి అంతగా దెబ్బతినడం వరి బెట్ట పరీక్షల్లో తరచూ కనిపిస్తుంది. ఖర్చు లేని కొలత ఇది, అయినా ఎక్కువమంది రాసుకోరు.

ఈనేటప్పుడు దగ్గరికి వెళ్ళి పోటాకు తొడుగును చూడండి. వెన్ను కాడ సాగక, కింది రెండు మూడు కొమ్మలు తొడుగులోనే ఇరుక్కుని ఉంటాయి. తొడుగు విప్పితే ఆ గింజలు పాలిపోయి, నొక్కితే గాలి బుడగల్లా ఉంటాయి. వెన్నులో ఎంత పొడవు లోపలే ఉండిపోయిందో స్కేలుతో కొలిచి రాసుకోండి.

6. మళ్ళీ నీళ్ళు పెట్టండి

ఎప్పుడు ఆపాలో మొదటి రోజే రాసిపెట్టుకోండి: తట్టుకోలేని రకంలో ఆకు ఎండిన మార్కు 5 దాటినప్పుడు, లేదా మట్టి తేమ ఫలానా శాతానికి దిగినప్పుడు. జాలిపడి మధ్యలో ఒక తడి ఇవ్వొద్దు. నీళ్ళు పెట్టిన పది రోజులకు ఎన్ని మొక్కలు తేరుకున్నాయో శాతం లెక్కించండి. పైపాటు నత్రజని బాకీ ఉంటే నీళ్ళు పెట్టాకే వేయండి, నీళ్ళున్న గుంపుకూ అంతే మోతాదు ఇవ్వండి. నీరు తీసిన మడిలో కలుపు విజృంభిస్తుంది, దాన్ని తీయకపోతే మీరు కొలిచేది కలుపు నష్టం.

7. కోత, గింజల లెక్క

అంచు వరసలు రెండు వదిలేసి లోపలి నుంచి కోయండి. దిగుబడికి ఐదు చదరపు మీటర్లు, గింజల లెక్కకు వరసగా ఉన్న 12 కుదుళ్ళు చాలు. బాగున్న కుదుళ్ళను ఏరుకోవద్దు, చెయ్యి తెలియకుండానే అటు వెళ్తుంది. ఎండిన గుంపు ఆలస్యంగా పండుతుంది కాబట్టి దాని సమయానికి దాన్ని కోయండి.

తూర్పారబట్టే ముందే తాలు లెక్కపెట్టాలి. గాలికి పోయాక తాలు శాతం ఎవరూ చెప్పలేరు. చేత్తో నొక్కి వేరు చేయొచ్చు, లేదా లీటరు నీటికి సుమారు 90 గ్రాముల ఉప్పు కలిపి గింజలు వేస్తే నిండినవి మునిగి తాలు తేలుతుంది. ఉప్పునీటి పద్ధతిలో గింజలను మంచినీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టాకే బరువు తూచాలి. సగం నిండిన గింజను ఎటు వేయాలన్నది ముందే నిర్ణయించుకుని చివరి దాకా అలాగే చేయండి.

బరువును 14 శాతం తేమకు మార్చండి: తూచిన బరువు × (100 - గింజ తేమ) ÷ 86.

ఇప్పుడు నాలుగు అంకెలు గుణించాలి: చదరపు మీటరుకు వెన్నులు × వెన్నుకు గింజలు × నిండిన గింజల వంతు × వెయ్యి గింజల బరువు ÷ 1000. ఊహించిన అంకెలతో చూపిస్తాను. నీళ్ళున్న మడి: 300 × 100 × 0.85 × 22 ÷ 1000 = 561 గ్రాములు, అంటే హెక్టారుకు 5.6 టన్నులు. పూతలో ఎండిన మడి: 290 × 96 × 0.55 × 21.5 ÷ 1000 = 329 గ్రాములు, హెక్టారుకు 3.3 టన్నులు. మొత్తం 41 శాతం తగ్గుదల. ఒక్కో అంకెనూ విడిగా పోలిస్తే వెన్నులు 3 శాతం, గింజలు 4 శాతం, వెయ్యి గింజల బరువు 2 శాతం మాత్రమే తగ్గాయి. నష్టమంతా తాలులోనే ఉంది. పిలకల దశలో ఎండి ఉంటే మొదటి అంకె పడిపోయేది. వెయ్యి గింజల బరువు అంత తేలిగ్గా మారదు, ఎందుకంటే పొట్టు సైజు పూతకు ముందే ఖాయమవుతుంది.

8. రకాలను పోల్చేటప్పుడు

తగ్గుదల శాతం ఒక్కటే చూసి మోసపోకండి. ఒక రకం 6 టన్నుల నుంచి 3కు, ఇంకోటి 4 నుంచి 2.6కు పడిందనుకోండి. మొదటిది 50 శాతం, రెండోది 35 శాతం తగ్గింది. శాతం ప్రకారం రెండోదే మేలు. కానీ ఎండిన చేలోనూ మొదటిదే 400 కిలోలు ఎక్కువ ఇచ్చింది. అందుకే రెండు పరిస్థితుల దిగుబడినీ కలిపి చూసే ఒత్తిడి సహన సూచీని కూడా లెక్కించండి: ఎండిన దిగుబడి × నీళ్ళున్న దిగుబడి ÷ (అన్ని రకాల నీళ్ళున్న దిగుబడుల సగటు × అదే సగటు). ఇక్కడ సగటు 5, కాబట్టి మొదటిది 18 ÷ 25 = 0.72, రెండోది 10.4 ÷ 25 = 0.42. నా ఓటు మొదటిదానికే. ప్రతి పంటా కచ్చితంగా ఎండే చోట మాత్రం సూచీని పక్కన పెట్టి, ఎండినప్పటి దిగుబడినే చూడాలి.

9. ఫలితాన్ని నమ్మే ముందు

తెల్లగా పాలిపోయిన వెన్నులు ఎక్కువుంటే ఒక్కోదాన్ని పట్టి లాగండి. సులువుగా ఊడొచ్చి, మొదట్లో కొరికిన గుర్తు ఉంటే అది కాండం తొలిచే పురుగు చేసిన తెల్లకంకి. బెట్టకు తెల్లబడిన వెన్ను అలా ఊడిరాదు. వెన్ను మెడ దగ్గర నల్లబడి విరిగితే మెడవిరుపు తెగులు. వీటిని లెక్కలోంచి తీసేసి, ఎన్ని తీశారో రాసుకోండి.

నీళ్ళున్న గుంపులోనూ తాలు ఎక్కువుంటే పూత రోజుల ఉష్ణోగ్రత చూడండి. 35 డిగ్రీలు దాటిన వేడి ఒక్కటే గింజ కట్టకుండా చేయగలదు. అప్పుడు రెండు గుంపుల మధ్య తేడానే బెట్ట ఖాతాలో వేయాలి, మొత్తం తాలును కాదు.

చివరిగా, నాలుగు అంకెల గుణకారం నుంచి వచ్చిన దిగుబడినీ, ఐదు చదరపు మీటర్లలో కోసి తూచినదాన్నీ పక్కపక్కన పెట్టండి. పదో పదిహేనో శాతం తేడా ఉంటే ఫరవాలేదు. గుణకారం బాగా ఎక్కువ చూపిస్తే మంచి కుదుళ్ళు ఏరుకుని ఉంటారు, లేదా కోతలో గింజ రాలిపోయి ఉంటుంది. గుణకారం తక్కువ చూపిస్తే చదరపు మీటరులో లెక్కపెట్టాల్సిన వెన్నులు కొన్ని లెక్కలోంచి జారిపోయి ఉంటాయి, లేదా తూచిన ధాన్యానికి తేమ సవరణ చేసి ఉండరు. మరో 12 కుదుళ్ళు విడిగా తీసి మళ్ళీ లెక్కపెట్టుకోవాల్సి రావచ్చు, అందుకని లెక్క సరిపోయేదాకా కోసిన పనలను నూర్చేయకండి.